అత్తగారి గాలం

ఆమె కాలు ఒకచోట నిలిచేది కాదు. అందుకే పుట్టింట్లో బొంగరమని పేరు పెట్టారు. పెళ్లయ్యాక ఆ పేరు కూడా సామానుతోపాటు అత్తింటికి వచ్చేసింది. నర్సింగు చదువు సగంలో వదిలేసింది. బ్యూటీపార్లరు తెరిచి మూసేసింది. చివరికి ఇంటి ముందుగదిలో మిషను వేసుకుని స్కూలు యూనిఫారాలు కుట్టడం మొదలుపెట్టాక మాత్రం చేయి తిరిగింది. కానీ అక్కడా కుదురు తక్కువే. ఒక చొక్కాకు కాలరు వేసేలోపు లేచి కిటికీ తెరిచేది, వచ్చి కూర్చునేది, మళ్లీ లేచి అదే కిటికీ మూసేది. మొగుడు లారీ డ్రైవరు. “తిరిగే ఉద్యోగం నీకిచ్చి కూర్చునే ఉద్యోగం నాకివ్వాల్సింది,” అని నవ్వేవాడు.

ఇంట్లో మూడో మనిషి అత్తగారు. నూలుమిల్లులో పనిచేసి రిటైరయింది. ఏళ్ల తరబడి యంత్రాల రొదలో బతికినందుకేమో, ఆవిడకు నిశ్శబ్దమంటే ప్రాణం. ఆదివారం వస్తే చాలు, ఊరవతల చిత్తడి నేలల్లో గాలం వేయాల్సిందే. అది పక్షుల రక్షిత ప్రాంతం. ఒక పక్క గట్టు మీద గాలంతో చేపలు పట్టుకోనిస్తారు. అవతల జమ్ముగడ్డి మధ్య పక్షుల్ని చూసేవాళ్లకోసం ఎత్తుగా చెక్క మంచె కట్టారు. కొడుకు లారీ మీద ఉంటే ఆవిణ్ణి స్కూటరు మీద తీసుకెళ్లే పని కోడలిదే.

ఆ ఆదివారం కోడలి మనసు మనసులో లేదు. దూరపు ఊళ్లో పెద్ద బట్టల ఫ్యాక్టరీ వాళ్లు సూపర్‌వైజరుగా రమ్మన్నారు. అక్కడే హాస్టల్లో ఉండాలి, సెలవులకే ఇంటికి రావాలి. మర్నాడు జవాబు చెప్పాలి. మొగుణ్ణి అడిగితే, “నాకేం అభ్యంతరం లేదు, అమ్మతో ఓ మాట చెప్పు,” అన్నాడు. ఆ ఒక్క మాటే వారంరోజులుగా గొంతుదాకా వచ్చి వెనక్కి పోతోంది.

గట్టు మీద అత్తగారు పీట వేసుకుని కూర్చుంది. కోడలు ఫ్లాస్కు మూత తీసింది, పెట్టింది, చెప్పులు విప్పింది, తొడుక్కుంది, ఫోను చూసింది.

“ఏమే, నువ్విక్కడుంటే నీళ్లలో చేపలకి కూడా కాళ్లు పీకుతాయి,” అంది అత్తగారు. “పో, ఆ పిట్టలవాళ్ల దగ్గరికి పో. నువ్వు పక్కనుండబట్టే నాకీ మధ్య ఒక్క చేపా పడట్లేదు.”

మంచె మీద పళ్ల డాక్టరమ్మ ఉంది. ప్రతి ఆదివారం వస్తుంది కాబట్టి ముఖపరిచయమే.

“అంతసేపు కదలకుండా ఎలా చూస్తారండీ?” అని అడిగింది కోడలు.

“వారమంతా పళ్లున్న నోళ్లే చూస్తానమ్మా. ఒక్కరోజైనా పళ్లులేని నోళ్లు చూడొద్దూ?” అని డాక్టరమ్మ నవ్వి బైనాక్యులర్స్ చేతికిచ్చింది. “అదిగో, ఆ మోడు మీద నీటికాకి. రెక్కలు ఆరబెట్టుకుంటోంది.”

నీటికాకిని రెండు క్షణాలు చూసిందో లేదో, చూపు పక్కనున్న కొంగ మీదికి దూకింది, కొంగ మీంచి బాతుల గుంపు మీదికి, అక్కడినుంచి జమ్ము కొసలమీదుగా గట్టుమీదికి. అద్దాల్లో అత్తగారు ఎదురుగా కూర్చున్నంత దగ్గరగా కనిపించింది.

ఆవిడ గాలానికి వానపామును గుచ్చుతోంది. వేళ్లు గాలపు ముల్లు కోసం గాలిలో వెతుకుతున్నాయి. ముల్లు ఒకచోట ఉంటే చేయి ఇంకోచోటికి పోతోంది. వానపాము జారి మట్టిలో పడింది. దాన్నీ తడుముకుని వెతికింది, దొరకలేదు. మళ్లీ డబ్బాలో చేయి పెట్టింది. ఈసారి ముల్లు వేలికే దిగినట్టుంది, వేలు నోట్లో పెట్టుకుని అటూ ఇటూ చూసింది, ఎవరైనా గమనించారేమోనని. తర్వాత ఉత్త గాలాన్నే నీళ్లలోకి విసిరి, రాణీగారిలా వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

కోడలు అద్దాలు దించింది. కుట్టిన చొక్కాలకి దారాలు కత్తిరించే పని ఆవిడదే. ఈ మధ్య వేళ్లు నొప్పులని మానేసింది. నిజమే అనుకుంది తను.

బైనాక్యులర్స్ డాక్టరమ్మ చేతిలో పెట్టి, మెట్లు దిగి, దాదాపు పరుగున వచ్చింది.

“గాలానికి ఎర లేదత్తయ్యా,” అంది.

“చేప తినేసుంటుంది.”

“అసలు గుచ్చలేదు మీరు. అక్కడినుంచి చూశాను.”

అత్తగారు భగ్గుమంది. “పిట్టల్ని చూడమని పంపిస్తే నన్ను చూశావా? నేనేమన్నా కొంగనా?”

“కళ్లు కనబడట్లేదని చెప్పొచ్చుగా! ఎన్నాళ్లనుంచి?”

“కనబడుతున్నాయ్. కాస్త మసగ్గా.” ఆవిడ గాలపు కర్రను ఒళ్లో పెట్టుకుంది. కాసేపటికి గొంతు తగ్గించింది. “చెబితే నువ్వా ఫ్యాక్టరీకి వెళ్లవు. ఫోన్లో వాడితో అంటుంటే విన్నాను. కళ్లు పోతే పోయాయి, చెవులున్నాయిగా. ముసల్ది అడ్డం పడింది, లేకపోతే ఎక్కడో ఉండేదాన్ని అని జన్మంతా నీచేత అనిపించుకోమంటావా?”

“నేనలా అంటానా?”

“నోటితో అనవు. కిటికీలు దభీదభీమని వేస్తావు.”

కోడలికి నవ్వొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. డబ్బాలోంచి వానపామును తీసి గాలానికి గుచ్చి కర్ర ఆవిడ చేతికిచ్చింది. ఆ రోజు చేపేమీ పడలేదు.

మర్నాడు ఫ్యాక్టరీకి ఫోన్ చేసి కొంచెం గడువడిగింది. అదే వారం అత్తగారిని కంటాసుపత్రికి తీసుకెళ్లింది. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఒక దాని తర్వాత ఒకటి తీయాలన్నారు. మొదటి కన్నుకు కట్టు విప్పిన రోజే ఫ్యాక్టరీ వాళ్లు ఆ ఉద్యోగం వేరేవాళ్లకిచ్చేశామని చెప్పారు.

“నాకోసం ఆగమని నిన్నెవరడిగారు?” అని అత్తగారు కేకలేసింది. “అడగాలా?” అని కోడలూ అరిచింది. తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. మిషను మాత్రం ఆగకుండా మోగింది. మూగనోముకూ మిషను మోతకూ మధ్య అత్తగారు చొక్కాలు ముందేసుకుని ఒక్కో దారం వెతికి వెతికి కత్తిరించింది. వంకర కుట్లు పడ్డ చొక్కాలన్నీ తీసి పక్కన పెట్టింది. ఆ గుట్ట చూస్తే కోడలికి ఒళ్లు మండింది.

రెండో కన్ను కూడా నయమయ్యాక ఒక ఆదివారం కోడలు లేచేసరికి గాలం లేదు, అత్తగారూ లేదు. బస్సెక్కి ఒంటరిగా వెళ్లిపోయింది. పోతే పోనీ అనుకుని కోడలు మిషను ముందు కూర్చుంది. లేచింది. కూర్చుంది. చివరికి స్కూటరు తాళం తీసుకుంది.

గట్టు దగ్గరికి వెళ్లలేదు. తిన్నగా మంచె ఎక్కింది. డాక్టరమ్మ జరిగి చోటిచ్చింది. కింద అత్తగారు ఒక్క ప్రయత్నంలో ఎర గుచ్చి గాలం వేయడం అద్దాల్లో చూసింది. బైనాక్యులర్స్ తిరిగిచ్చి, ఫోను తీసి ఫ్యాక్టరీ నంబరు కలిపింది.

“సార్, అప్పుడు గడువడిగింది నేనేనండీ. ఇంకే పనైనా ఖాళీ ఉందా? సూపర్‌వైజరే కానక్కర్లేదు. రేపైనా వస్తాను.”

అవతలాయన కనుక్కుని చెబుతానని లైనులో ఉండమన్నాడు. ఆమె మంచె మీద ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తోంది. చెక్కలు కిర్రుమంటుంటే డాక్టరమ్మ పెదవి మీద వేలు పెట్టి బాతుల్ని చూపించింది. ఇంతలో గట్టుమీంచి గావుకేక వినబడింది. గాలపు కర్ర విల్లులా వంగిపోయి ఉంది. అత్తగారు రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలుతోంది. ఆ కేకకు బాతులన్నీ ఒక్కసారిగా లేచాయి.

“ఏమే బొంగరం! ఆ ఫోను తర్వాత మాట్లాడుకోవచ్చు, వల సంచి పట్రా!”

ఫోను చెవికి అలాగే ఆనించుకుని, ఆమె మెట్లు దిగడం మొదలుపెట్టింది.