ఎనుము మెచ్చిన జొన్న

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ఒక పరిశోధనా కేంద్రంలో క్షేత్ర సహాయకుణ్ణి. పేరు పెద్దదే, పని మాత్రం పెనుకొండ దగ్గర ఒక అవ్వ చేలో మా కేంద్రం వేసిన జొన్నను చూసుకోవడం. మాది హిందూపురం. మా నాయన తన సైకిల్ షాపుకు వచ్చిన ప్రతివాడికీ, జొన్నదంటుతో పెట్రోలు తీస్తారంట, మావాడు దానికి కాపలా అంట, అని చెప్పి నవ్వేవాడు.

నవ్వులాటేమీ కాదు. దంటుకు గట్టిదనం ఇచ్చేది లిగ్నిన్ అనే పదార్థం. దంటులోని పీచును అది వదలకుండా పట్టుకుని ఉంటుంది. ఆ పట్టు సడలితే గానీ పీచును చక్కెరగా మార్చి, పులియబెట్టి, ఇంధనం తీయడం తేలిక కాదు. మా జొన్నలో ఒక జన్యువు మారి లిగ్నిన్ తగ్గింది. దానికి గుర్తు, ఆకు నడిమి ఈనె తెల్లగా కాక గోధుమ రంగులో ఉండడం. ఆ గుణాన్ని మన మెట్ట జొన్నలోకి తేవడానికి మా కేంద్రంలో శాస్త్రవేత్త అయిన మా మేడం ఏళ్ల తరబడి కష్టపడ్డారు. చివరికి మిగిలిన విత్తనమంతా ఆ చేలోనే నాలుగు వరుసలుగా నాటాం. ఇంకెక్కడా గుప్పెడు గింజలు కూడా లేవు. పరాయి పుప్పొడి పడకుండా కంకులకు కాగితం సంచులు తొడిగి, పెన్సిల్‌తో నంబర్లు రాసింది నేనే.

లిగ్నిన్ తగ్గిన దంటుకు నడుం బలం ఉండదు. కంకి బరువెక్కగానే కర్రలు పాతి కట్టమని మేడం మూడుసార్లు చెప్పారు. నేనూ మూడుసార్లు తల ఊపాను. ఇంతలో చెల్లెలి పెళ్లికి పట్టుచీర కొనాలని అమ్మ నన్ను ధర్మవరం లాక్కుపోయింది. ఒక్కరోజే కదా, వచ్చాక కట్టొచ్చులే అనుకున్నాను. పోతూ పోతూ, సంచులు ఎవరినీ విప్పనీయొద్దని అవ్వకు మాత్రం గట్టిగా చెప్పాను, పెద్ద ఆఫీసరు మాదిరి.

ధర్మవరంలో మగ్గాల ఇళ్లన్నీ తిరిగినా, అమ్మకు అంచు నచ్చితే రంగు నచ్చదు, రంగు నచ్చితే అంచు నచ్చదు. మూడో రోజు సాయంత్రం గాలివాన కొట్టింది. ఒడి నిండా చీరలు పెట్టుకుని వానను చూస్తూ నన్ను నేనే తిట్టుకున్నాను. వాగు పొంగి మరుసటి రోజు బస్సులు కూడా లేవు.

ఆ పైరోజు పొద్దున పెనుకొండలో దిగి చేను దాకా పరిగెత్తాను. పక్కనున్న మామూలు జొన్న ఏమీ ఎరగనట్టు నిటారుగా నిలబడి ఉంది. నా నాలుగు వరుసలు లేవు. బురదలో కోసిన మొదళ్లున్నాయి, అంతే. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఉద్యోగం పోతే పోయింది, ఆ మేడం మొహం ఎట్లా చూడాలి?

అవ్వ ఇల్లు చేను గట్టునే. కొట్టంలో ఆమె పాడి ఎనుము నా గోధుమ ఈనె ఆకును తీరిగ్గా నములుతోంది. పక్కన వేసిన మామూలు చొప్పను మూతితో కూడా ముట్టుకోలేదు. దాన్ని చూసి, సిగ్గు లేకుండా ఏడ్చేశాను. అవ్వ బయటికొచ్చి ఏమైందని అడిగింది. వెక్కుతూనే చెప్పాను. ఆమె నన్ను వంటింట్లోకి తీసుకుపోయింది.

పొయ్యి పైన, దూలానికి కట్టిన తాడుకు నా కంకులు వేలాడుతున్నాయి. సంచులతో సహా. నంబర్లు కొంచెం పొగచూరాయి, అంతే.

"మొన్న గాలికి అన్నీ పండుకున్యాయప్పా. బురదలో ఉంటే కంకి మీదనే మొలకొచ్చేస్తాది. అందుకే కోసి ఈడ కట్టినా. విత్తనం ఎవురైనా పొయ్యి పైనే కదా కట్టుకునేది. సంచులు మాత్రం విప్పలేదు, నువ్వు చెప్పినట్లే."

హమ్మయ్య. అక్కడే కింద కూలబడ్డాను. పొగ తగిలితే విత్తనానికి పురుగు పట్టదని ఆ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. సైకిల్ షాపులో పెరిగిన నాకే తెలీదు. ఇక ఒకటే నవ్వు.

కంకులు మూటగట్టుకుని బయల్దేరుతుంటే అవ్వ గడపలో నిలబడింది. "ఒకటి నాకిచ్చి పో. ఇట్లాంటి మేత నా ఎనుము ఎప్పుడూ తినలేదు."

ఒక్క గింజ కూడా బయటికి పోకూడదని మా నియమం. మూట విప్పాను.

మేడంకు ఆ ఒక్కటి తప్ప అంతా చెప్పి, తినాల్సినన్ని తిట్లు తిన్నాను. గింజలు తడిగుడ్డలో కట్టి చూస్తే మూడో రోజుకు తెల్లటి మొలకలు. తర్వాత మేడం నా రిజిస్టరు తిరగేస్తూ ఒకచోట ఆగారు. ఒక కంకిని పిట్టలు తిన్నాయని అక్కడ రాశాను.

"సంచి విప్పుకుని తిన్నాయా?" అన్నారు. ఆమే సంతకం పెట్టి, రిజిస్టరు మూసేశారు.

మరుసటి ఏడు ఆ దారిన పోతూ చూశాను. అవ్వ కొట్టం పక్కన గోధుమ ఈనెల జొన్న నా ఎత్తున ఉంది. ఒక్కో దంటుకు ఒక్కో కర్ర పాతి, పాత చీర పీలికలతో కట్టి ఉంది.