చేతులెత్తే ముందు చదవమన్న మా సార్

పోయిన మంగళవారం కూరగాయల బజారులో మా కాలేజీ లైబ్రేరియన్ ఎదురై, "సార్ పోయిండు, నీకు తెల్వదా?" అన్నాడు. నా నోటి నుంచి మొదట వచ్చిన మాట, "ఎవరు చెప్పిన్రు నీకు?" అని. అతను నా వంక వింతగా చూశాడు. చావుకబురు విని ఆరా తీసేవాడు ఉంటాడా? మా సార్ దగ్గర రసాయనశాస్త్రం చదువుకున్నవాడైతే ఉంటాడు. సార్ ఇంటికి వెళ్లి, వసారాలో చాప మీద ఆయన్ని చూశాకే నాకు ఏడుపొచ్చింది.

సంతాపసభలో ఒక పెద్దమనిషి ఆయన్ని ఆకాశానికెత్తేశాడు. బతికి ఉండగా ఇదే పెద్దమనిషి ఆయన్ని "శక్కీ సార్" అనేవాడు. శక్కీ అంటే అందరినీ అనుమానించేవాడని. ఆ పొగడ్తలు విని మురిసిపోవడం నావల్ల కాలేదు. సార్ విని ఉంటే, గీయనకు ఇప్పుడు నాతోని ఏం పని పడ్డది అనేవాడు.

అనుమానం ఆయన ఒంట్లోనే ఉండేది. నాందేడ్ బస్టాండులో ముఖేడ్ బస్సు ఏదని కండక్టర్‌ని తెలుగులో అడిగి, పక్కవాణ్ని మరాఠీలో మళ్లీ అడిగేవాడు. ప్రయోగశాలలో ఇద్దరు కుర్రాళ్ల లెక్కలు ఒక్కతీరుగా వస్తే మెచ్చుకోడానికి బదులు మొహం చిట్లించేవాడు. "గింత మంచిగ కలిసినయంటే ఇద్దర్ల ఒకడు చేసిండు, ఒకడు చూసి రాసిండు. మళ్ల చెయ్యిండ్రి" అనేవాడు. చాలాసార్లు ఆయన అన్నదే నిజమయ్యేది. కానప్పుడు కూడా మళ్లీ చేయించేవాడనుకోండి.

అలాంటి మనిషిని ఔరంగాబాద్‌లో ఒక కమిటీలో వేశారు. పరిశోధనలకు సర్కారు ఇచ్చే నిధులు ఎవరికివ్వాలో తేల్చే కమిటీ అది. ఆయన వెళ్లేసరికి అక్కడి పద్ధతి ఏమిటంటే, ముందు చాయ్, తర్వాత అందరికంటే పెద్దాయన ఒక పేరు చదివి "మంచి పిల్లవాడు" అనడం, మిగతావాళ్లు తలలూపడం. సార్ రెండో సమావేశంలోనే కొట్లాట పెట్టుకున్నాడు. దరఖాస్తుల మీద పేర్లు, కాలేజీలు కొట్టేయమన్నాడు. ఎవరి మార్కులు వాళ్లు వేశాకే నోరు విప్పాలన్నాడు. విప్పేది కూడా అందరికంటే చిన్నవాడు ముందు. "పెద్దోడు మాట్లాడినంక చిన్నోని కలం నడువది" అనేవాడు. తన సొంత మనిషి దరఖాస్తు వస్తే సభ్యుడు గదిలోంచి బయటికి వెళ్లాలన్న నియమం కూడా ఆయన తెచ్చిందే. దానిమీద ఆయనకు మహా గురి.

అప్పటికి నేను అదే కాలేజీలో లెక్చరర్ని. కిన్వట్ తాలూకాలో మాండవి అవతల ఒక గూడెంలో చిన్నపిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు చూశాను. కొందరి మోకాళ్లు వంకరపోతున్నాయి. నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని నా అనుమానం. గూడెంలో పాకుడు పట్టిన పాతబావి ఒకటి, వెనకటి పెద్ద కరువు తర్వాత సర్కారు వేసిన చేతిపంపు ఒకటి ఉన్నాయి. ఆ బావిని చూస్తేనే నాకు వెగటు, ఫ్లోరైడ్ దాంట్లోనే ఉందని తేల్చేసుకున్నాను. మొదట బావి పూడ్పించి, ఊరందరినీ పంపు నీళ్లకు మళ్లించి, ఏటేటా పిల్లల పళ్లు పరీక్షిస్తానని దరఖాస్తు రాశాను. సార్‌కి చూపించలేదు. చూపించినా చూసేవాడు కాదు.

సమావేశంలో ఆ కాగితాల్లో మాండవి పేరు కనబడగానే, నేను అటు తిరుగుతుంటానని ఎరిగిన సార్‌కి అది నాదని తెలిసిపోయింది. "ఇది నా శిష్యునిది, మీరే చూడండ్రి" అని చెప్పి లేచి, బయట వరండాలో నిలబడ్డాడు. కాసేపటికి ఒక సభ్యుడు నవ్వుకుంటూ వచ్చి ఆయన భుజం తట్టాడు.

"సర్, తుమ్చం కామ్ ఝాలం." మీ పని అయిపోయిందని.

"మాఝం కామ్?" నా పనా, అన్నాడట సార్.

ఇక్కడే ఆయన దెబ్బతిన్నాడు. మా దిక్కు పంచాయితీల్లో, పెళ్లి మాటల్లో ఒక మర్యాద ఉంది. తన ఇంటి సంగతి రాగానే పెద్దమనిషి "మీరే చూడండ్రి" అని లేచి బయటికి పోతాడు. మిగిలినవాళ్లు ఆయన మనసు నొచ్చకుండా తేలుస్తారు. లేచి వెళ్లడమే అడగడమన్నమాట. కమిటీలో కూర్చున్నవాళ్లంతా ఈ గడ్డ మనుషులే. ఒక్కరూ నా కాగితం చదవలేదు. సార్ మీద గౌరవంతో అందరూ చేతులెత్తారు. ప్రపంచాన్నంతా అనుమానించిన మనిషి, తాను రోజూ చూసే ఈ మర్యాదను అనుమానించడం మరిచిపోయాడు.

తిరిగొచ్చిన రోజు పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. కూర్చోలేదు.

"నీకు నిధులు మంజూరైనయి. నేనే ఆపించిన."

"నేనేం తప్పు చేసిన సార్?"

"నీది కాదు, నాదే తప్పు. లేచి బయటికి పోతే చాలనుకున్న. నీ కాగితం ఎవ్వడూ చదవలే. దాన్ని మన ముఖం తెల్వని బయటోళ్లకు పంపించిన. దాంట్ల నీ పేరు లేదు, నా పేరు లేదు, నేను బయటికి పోయిన సంగతి కూడా లేదు."

"అక్కడ పిల్లల పళ్లు పాడైతున్నయి. మీకేమో పద్ధతులు కావాలె!"

"పిల్లల పళ్లు గదారా, అందుకే."

ఆరోజు ఆయన మీద నాకు పట్టరాని కోపమొచ్చింది. శిష్యుణ్ని బలిపెట్టి నిప్పులాంటి మనిషినని పేరు కొట్టేద్దామనుకున్నాడని నమ్మాను. ఆ అనుమానం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆయన దగ్గర చదువుకున్నవాడిని, ఎట్లా పోతుంది?

ఆ ముఖం తెలియనివాళ్లు ఇద్దరు. వేర్వేరు ఊళ్ల నుంచి, ఒకరికొకరు తెలియకుండా, ఒకటే ప్రశ్న రాశారు. ఆ గూడెంలో ముసలివాళ్ల పళ్లు ఎలా ఉన్నాయి? పుట్టినప్పటి నుంచి వాళ్లు తాగింది ఆ బావి నీళ్లే కదా?

నేను మాండవి బస్సెక్కాను. ముసలివాళ్లను నవ్వమని అడిగాను. పిచ్చివాడిననుకుని నిజంగానే నవ్వారు. ఊడినవి ఊడగా, మిగిలిన పళ్ల మీద ఒక్క చార లేదు. చారలున్నవి పంపు వేశాక పుట్టిన పిల్లలకే. మొదటి కాగితమే నెగ్గి ఉంటే, మంచి బావిని సర్కారు సొమ్ముతో పూడ్చి, ఊరందరికీ విషం తాపేవాణ్ని. అదీ పరిశోధన పేరుతో.

మళ్లీ రాశాను. ఈసారి రెండు నీళ్లూ పరీక్షిస్తానని. ముఖం తెలియనివాళ్లే ఒప్పుకున్నారు. పంపు నీళ్లలోనే ఫ్లోరైడ్ అని తేలింది. ఆ తర్వాత కమిటీలో లేచి బయటికి వెళ్లే నియమం ఉండగానే, సభ్యుల సొంతవాళ్ల దరఖాస్తులన్నీ బయటివాళ్లకే పంపాలని సార్ ఇంకోటి చేర్పించాడు. ఆయన దిగిపోయాక కమిటీ ఆ రెండూ పాటిస్తోందో లేదో నాకు నమ్మకం లేదు. ఈ మధ్య చాయ్ మళ్లీ ముందే ఇస్తున్నారని విన్నాను.

పంపు పిడి ఊడదీసిన రోజు సార్ కూడా వచ్చాడు. అప్పటికే రిటైరయ్యాడు. గూడెం వాళ్లు బావి పూడిక తీసి, చుట్టూ గోడ కట్టుకున్నారు. ఒక పిల్ల నీళ్లు తోడి చెంబు అందించింది. సార్ ఆ చెంబుని ఎండకెత్తి చూశాడు, వాసన చూశాడు.

"గిది పంపుదా, బావిదా?"

"బావిదే తాతా."

సార్ నావైపు తిరిగాడు. "పరీక్ష చేసినవా?"

"చేసిన సార్."

ఎప్పుడు చేశావు, దేంతో చేశావు, పక్కన ఇంకెవరున్నారు అని అడుగుతాడని నేను జవాబులన్నీ సిద్ధం చేసుకుని నిలబడ్డాను. ఆయన చెంబెత్తి గటగటా తాగాడు. నీళ్లు గడ్డం మీదుగా కారి చొక్కా తడిసిపోతున్నా ఆపకుండా, ఖాళీ అయ్యేదాకా తాగాడు.