మేడమ్‌కు బీపీ చూసిన రోజు

మాకు నర్సింగ్ నేర్పిన మేడమ్ మొన్న ఎమ్మిగనూరులో, తన ఇంట్లో, నిద్రలోనే వెళ్లిపోయారు. ఆదోని ఆస్పత్రిలో నేను డ్యూటీలో ఉండగా వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మ ఏం బాధ పడలేదక్కా" అంది. కళ్లు తుడుచుకున్నాను కానీ, ఆమెను తలుచుకుంటే నాకు ఏడుపు కంటే నవ్వే ముందొస్తుంది. నిండుగా బతికిన మనిషి.

ఆదోనిలో మాకు చదువు చెప్పేటప్పుడు ఆమెది ఒకటే పాట: "మార్కులు తెచ్చుకోండి, మనుషులుగా కూడా ఉండండి. రెండూ కావల్ల." వార్డులో పేషెంటును మంచం నంబరుతో పిలిస్తే ఊరుకునేవారు కాదు. "ఆయప్పకు పేరు లేదా?" అని అక్కడే నిలదీసేవారు.

బీపీ చూడటం నేర్పడానికి తన చెయ్యే ఇచ్చేవారు. మాలో చాలామందికి మొదట్లో స్టెతస్కోపులో ఏమీ వినపడేది కాదు. అయినా భయానికి అందరూ "నూట ఇరవై, ఎనభై" అని అప్పజెప్పేవాళ్లు. పుస్తకంలో ఉన్న అంకె కదా, ఎవరూ తప్పనరు. ప్రాక్టికల్ రోజు నా వంతు వచ్చింది. మాది దేవనకొండ దగ్గర కూలి కుటుంబం. అందులో తప్పితే పెద్ద పరీక్షకు కూర్చోనివ్వరు, మళ్లీ అమ్మ వెంట పత్తి చేలోకే. అయినా నోటికి అబద్ధం రాలేదు.

"వినపడలేదు మేడమ్."

"నిజం చెప్పినావు, సంతోషం. మార్కులు మాత్రం లేవు."

"నిజం చెప్తే ఫెయిలా మేడమ్?" ఒళ్లు మండి అడిగేశాను.

"నీ నిజంతో పేషెంటు బీపీ తెలుస్తాదా? రేపట్నుంచి పొద్దున్నే రా. నీకు వచ్చేదాకా నేర్పిస్తా."

రోజూ ప్రార్థనకు ముందు ఆమె చెయ్యి చాపేవారు, నేను పట్టీ చుట్టేదాన్ని. ఒక పొద్దున టక్ టక్ మని చెవిన పడింది. ఎగిరి గంతేసేదాన్నే, కానీ అంకె చూసి ఆగాను. ఇంకోసారి చూశాను. అదే.

"చెప్పు, నూట ఇరవైయేనా?"

"కాదు మేడమ్, నూట డెబ్బై. మీకు బీపీ ఉంది."

ఆమె నమ్మలేదు. పక్క గది టీచరును పిలిచి చూపించుకున్నారు. అంతే ఉంది. నా వైపు చూసి పడీ పడీ నవ్వారు. "అయ్యో తల్లీ, పిల్లలందరూ బాగుందంటాంటే నిజమే అనుకుంటి గదా!"

నా మార్కులు ఆ రోజే పడ్డాయి. ఇవాళ నేను తింటున్న అన్నం ఆమె పెట్టిందే. తర్వాత ఏ పెళ్లిలో కనపడినా, "నాకు బీపీ ఉందని చెప్పిన పిల్ల" అని నలుగురికీ గర్వంగా చూపించేవారు.

కళ్ల ముందు నిలిచిపోయింది మాత్రం ఆ మర్నాటి క్లాసు. డాక్టరు రాసిన మాత్రలతో వచ్చి, అందరి ముందూ నన్ను లేపి నీళ్లు తెమ్మన్నారు. మాత్ర వేసుకుని, వార్డులో పేషెంట్లు చేసినట్టే నోరు పెద్దగా తెరిచి, నాలుక ఎత్తి చూపించారు.

"మింగినానా లేదా, చూసి చెప్పు."

క్లాసంతా నవ్వుతోంది. నేను దగ్గరికి వెళ్లి, వంగి, నిజంగానే చూశాను.