గుర్తు తెలియని వాహనం

నా భార్య మరణించిన మరునాడు దినపత్రిక జిల్లా పేజీలో ఒక మూలన చిన్న వార్త వచ్చింది. "గుర్తు తెలియని వాహనం ఢీకొని వృద్ధురాలి మృతి" అని దాని శీర్షిక. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. తప్పు వాక్యాన్ని బల్ల మీద ఉండనివ్వను. ఆ వాహనం గుర్తు తెలియనిది కాదు. దానిని నడిపినవాడికి దాని నెంబరు తెలుసు, రంగు తెలుసు, ఆ రోజు అది ఎక్కడికి చేరిందో తెలుసు. ఆ ఒక్క మనిషి ఎవరో తెలుసుకోవాలనీ, అతడు శిక్ష అనుభవించడం కళ్ళారా చూడాలనీ ఆ ఉదయమే నిశ్చయించుకున్నాను. క్షమించమని సలహా చెప్పడానికి వచ్చిన బంధువులకు కాఫీ ఇచ్చి పంపించాను.

అవి రోహిణి కార్తె రోజులు. ఆమె హనుమాన్ జంక్షన్ అవతల ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళి, తిరుగు బస్సు కోసం జాతీయ రహదారి దాటబోయింది. మిట్టమధ్యాహ్నం. కొట్లన్నీ తలుపులు వేసుకున్నాయి. దారిలో మనిషి లేడు. చాలాసేపటికి ఒక గొర్రెల కాపరి, కల్వర్టు పక్క వేపచెట్టు నీడలో పడి ఉన్న ఆమెను చూశాడు. పోలీసులు అక్కడే సుద్దతో గీత గీసి, ప్రమాద స్థలంగా రాసుకున్నారు. తరువాత నేను స్టేషన్‌కు వెళ్ళినప్పుడల్లా "చూస్తున్నామండీ మాస్టారూ" అనేవారు. వారి బల్ల మీద ఆ ఫైలు చూసిన గుర్తు మాత్రం నాకు లేదు.

ఇక మా మనవరాలి సంగతి చెప్పాలి. పదహారేళ్ళ పిల్ల, ఇంటర్మీడియట్ చదువుతోంది. తనకు చనిపోయినవాళ్ళు కనిపిస్తారని ఊహ తెలిసినప్పటి నుంచీ చెబుతోంది. చిన్నతనంలో మా అపార్ట్‌మెంటు లిఫ్టు దగ్గర ఖాళీ గోడతో "తాతగారూ, కొంచెం జరగండి" అనేది. కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను. చూపు నిక్షేపంగా ఉందన్నాడు. అప్పటి నుంచి భోజనాల బల్ల దగ్గర ఆ ప్రసక్తి తేరాదని నియమం పెట్టాను. వాళ్ళ నాన్నమ్మ మాత్రం కసరేది కాదు. "ఎవరే ఇవాళ వచ్చింది? కాఫీ తాగుతారేమో కనుక్కో" అని ఆటపట్టించేది. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇప్పుడూ లేదు. ఈ సంగతి మొదటే స్పష్టంగా చెప్పడం మంచిది.

వర్షాలు మొదలయ్యాక ఒక సాయంత్రం, ఏలూరులో పోటీలకు వెళ్ళిన ఆ పిల్ల కాలేజీ బస్సు దిగి తిన్నగా నా గదిలోకి వచ్చింది.

"తాతయ్యా, తిట్టకుండా వింటావా?"

"విషయాన్ని బట్టి."

"నాన్నమ్మ కనిపించింది. హనుమాన్ జంక్షన్ దగ్గర, డివైడర్ తెగి ఉన్న చోట నిలబడింది. కాళ్ళకి చెప్పుల్లేవు."

"ఆవిడ దొరికింది కల్వర్టు దగ్గర. డివైడర్‌కు చాలా దూరం."

"దొరికిన చోటు నాకూ తెలుసు. నేను చెప్పేది నిలబడిన చోటు."

"ఏమైనా చెప్పిందా?" అన్నాను. అనకూడదనుకుంటూనే అన్నాను.

"వాళ్ళు మాట్లాడరు తాతయ్యా. ఊరికే చూస్తారు. నాన్నమ్మ వచ్చే కార్ల వైపు చూస్తోంది. కూరగాయలబ్బాయి పుచ్చొంకాయలు వేస్తే చూసేది చూడు, ఆ చూపు."

ఆ చూపు నాకు బాగా తెలుసు. మరునాడు కాలేజీ మాన్పించి బస్సెక్కించాను. దాని మాట తప్పని అక్కడికక్కడే నిరూపించి, మళ్ళీ ఆ ప్రసక్తి రాకుండా చేయాలన్నదే నా ఉద్దేశం.

డివైడర్ తెగిన చోటికి నడిచాం. పిల్ల ఒకచోట ఆగి, ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకు జరిగింది. దాని కాళ్ళ దగ్గర, డివైడర్ గోడ మొదట్లో, వానకు తడిసిన కుంకుమన్నం, పగిలిన బూడిద గుమ్మడికాయ, కోసిన నిమ్మకాయలు ఉన్నాయి. హైవే మీద అవి వింత కాదు. లారీవాళ్ళు దిష్టి తీసి పారేస్తూనే ఉంటారు. వెనక్కి తిరగబోతూ రాయి కింద ఇంకొకటి చూశాను. పసుపు కొమ్ములు, డజను ఆకుపచ్చ గాజులు, కొత్త రవికగుడ్డ.

లారీకి దిష్టి తీసేవాడు గాజులు పెట్టడు. పసుపు, గాజులు, రవిక పెట్టేది పుణ్యస్త్రీగా పోయిన ఆడమనిషికి. ఆమె ఆకలితో, కోపంతో తిరుగుతోందని భయపడేవాడు, ఆమెను సాగనంపడానికి పెడతాడు. మా ఇంట్లో ఎవరమూ పెట్టలేదు. పోనీ, దారిన పోయే పుణ్యాత్ముడెవరో వార్త చదివి జాలిపడి పెట్టాడనుకుందామా? అయితే కల్వర్టు దగ్గర, పోలీసులు గీత గీసిన చోట పెట్టాలి. ఊరంతా ఎరిగిన చోటు అది. ఇక్కడ పెట్టాలంటే, బండి ఆమెకు ఎక్కడ తగిలిందో చూసినవాడై ఉండాలి. అలా చూసినవాడు ఒక్కడే.

ఆ ఆలోచన పూర్తయ్యేసరికి రెండవది వచ్చింది. బండి తగిలింది ఇక్కడ. ఆమె దొరికింది అక్కడ, వేపచెట్టు నీడలో, రోడ్డూ కాలిబాటా దాటి. ఏ బండీ మనిషిని అలా విసిరి నీడలో పడుకోబెట్టదు. ఆ ఎండలో ఆమె తనంతట తాను పాకుతూ వెళ్ళింది. అంటే బండి వెళ్ళిపోయేటప్పటికి బతికే ఉంది. పిల్ల నా మొహం చూసి, గొడుగు తను తీసుకుంది.

రోడ్డు వార టీ కొట్టు ఆవిడను అడిగాను.

"ప్రతి అమావాస్యకీ వస్తారండీ," అంది ఆమె, గ్లాసులు కడుగుతూ. "పెద్ద కారు. మంత్రగాడు కూడా ఉంటాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి దిగి, పెట్టేసి, వెనక్కి చూడకుండా పోతారు. టీ కూడా తాగరండీ. అంత పెద్ద కారేసుకుని ఏం లాభం?"

తరువాతి అమావాస్యకు మేమిద్దరం ఆ కొట్టు బల్ల మీద కూర్చున్నాం. మా అబ్బాయికీ కోడలికీ గుడికి వెళుతున్నామని చెప్పాం. కారు వచ్చింది. డ్రైవరు సీట్లోంచి తెల్ల చొక్కా పెద్దమనిషి దిగాడు. చల్లపల్లి వైపు రైస్ మిల్లు ఆసామి అని తరువాత తెలిసింది. బుట్ట పట్టుకుని మంత్రగాడు దిగాడు. కర్పూరం వెలిగించేదాకా ఆగి, దగ్గరికి వెళ్ళాను.

"ఎవరికండీ ఈ పసుపు కుంకుమలు?"

"మొక్కండీ," అన్నాడు మంత్రగాడు. "దారిన పోయేవాళ్ళు చూడకూడదు. జరగండి."

"నేను దారిన పోయేవాణ్ణి కాను. ఈ గాజులు తొడుక్కోవలసినావిడ భర్తను."

మంత్రగాడు నన్నూ, ఆసామినీ మార్చి మార్చి చూసి, బుట్ట సర్దుకున్నాడు. "అయ్యగారూ, దయ్యమైతే నేను చూసుకుంటాను గానీ, మొగుడితో నాకేం పనండీ?" అని కారులోకి వెళ్ళి కూర్చున్నాడు.

ఆ పెద్దమనిషి బుకాయిస్తాడనుకున్నాను. బుకాయిస్తే ఏం చేయాలో సిద్ధపడి వెళ్ళాను. అతడు డివైడర్ మీద కూలబడ్డాడు.

"మీరు మాస్టారు కదండీ? పేపర్లో చదివాను. ఆ కారు అమ్మేశానండీ. కొత్తది కొన్నాను. ఇందులోనూ ఆవిడ వెనక సీట్లో కూర్చుంటోంది. మా ఆవిణ్ణి కూడా వెనక ఎక్కనివ్వట్లేదు."

"మా నాన్నమ్మకి ఏసీ కారు పడదండీ," అంది మా పిల్ల. "వాంతులు. మీ కారెందుకు ఎక్కుతుంది? ఆవిడ ఇక్కడే ఉంది. మీ పక్కన."

అతడు ఎగిరి లేచి నిలబడ్డాడు.

"బండి ఆపారా?" అని అడిగాను.

"లేదండీ."

"చూశారా?"

"అద్దంలో చూశానండీ. చెయ్యి ఎత్తింది." అతడు తన చెయ్యి కొంచెం ఎత్తి చూపించాడు. "ఎవరో ఒకరు వస్తార్లే అనుకున్నాను. మిల్లు దగ్గర లారీలు లోడింగుకి వచ్చి ఉన్నాయి..."

నేను బడిలో ఏ పిల్లవాణ్ణీ కొట్టినవాణ్ణి కాను. ఆ క్షణాన ఆ ఎత్తిన చెయ్యి విరిచేయాలనిపించింది. విరవలేదు, అది చాలదు గనుక.

"స్టేషన్‌కు పదండి. జరిగింది మీ నోటితో చెప్పండి. అప్పుడు దిగుతుంది ఆవిడ."

"ఒకసారి లాయరుతో మాట్లాడి..."

"లాయరు వచ్చి వెనక సీట్లో కూర్చుంటాడా, ఆవిడ పక్కన?"

అతడు మా వెంట వచ్చాడు. స్టేషన్‌లో అంతా చెప్పాడు, చెయ్యి ఎత్తిన సంగతితో సహా. చెబుతున్నంతసేపూ అతనికి కుర్చీ వేసి, కూలింగ్ వాటర్ ఇచ్చారు. నేను నిలబడే విన్నాను. తిరిగి వచ్చేటప్పుడు జంక్షన్ దగ్గర పిల్ల బస్సు కిటికీలోంచి మెడ చాచి చూసింది.

"లేదు తాతయ్యా. వెళ్ళిపోయింది."

"ఎక్కడికి?"

"వెళ్ళిపోయింది అంతే. కోపం తీరిపోయినట్టుంది."

ఆమెది తీరిపోయిందేమో. నాది తీరలేదు. కేసు నమోదైంది, బెయిలు వెంటనే వచ్చింది. పోలీసుల ఎదుట చెప్పిన మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదని మా లాయరు వివరించాడు. అమ్మేసిన కారు ఎన్ని చేతులు మారిందో తెలియదు. చూసినవారు లేరు. పిలుపు వచ్చినప్పుడల్లా కోర్టుకు వెళ్ళి, వాయిదా విని, తిరిగి వస్తున్నాను. అతడు వరండాలో నన్ను చూసి నమస్కారం పెడతాడు. నేను ప్రతినమస్కారం చేయను.

మొన్న ఒక ఆదివారం అతడు మా ఇంటికి వచ్చాడు. యాపిల్ పళ్ళ సంచి బల్ల మీద పెట్టి, కుర్చీ అంచున కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు.

"పాపని ఒక్కమాట అడుగుదామని వచ్చానండీ. ఆవిడ వెళ్ళిపోయిందో లేదో చెబితే చాలు. కేసు సంగతి లాయరు చూసుకుంటున్నాడు."

"కోర్టులో ఏం చెప్పబోతున్నారు?"

"ఆయన చెప్పమన్నట్టేనండీ. నేను కాదని."

"ఆ కారు మీది కాదని?"

"అదొక పద్ధతి కదండీ మాస్టారూ. అందరూ అలాగే చెబుతారు."

పిల్ల గుమ్మంలోకి వచ్చి నోరు తెరవబోయింది. లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెమ్మన్నాను. నా గొంతు విని వెళ్ళింది.

"ఆవిడ వెళ్ళలేదండీ," అన్నాను. "వెనక సీట్లోనే ఉంది."

"ఎన్నాళ్ళండీ?"

"అది ఆవిడ ఇష్టం."

అతడు నీళ్ళు వచ్చేదాకా ఆగలేదు. పళ్ళ సంచి వెంట తీసుకుపొమ్మన్నాను, తీసుకున్నాడు. బాల్కనీలోంచి చూశాను. కారు దగ్గరికి వెళ్ళి, వెనక తలుపు తీసి, ఎవరైనా ఎక్కేదాకా ఆగినట్టు కొంతసేపు తల వంచుకుని నిలబడ్డాడు. తరువాత ఆ తలుపు మెల్లగా వేసి, ముందు కూర్చున్నాడు.

మా పిల్ల గ్లాసు పట్టుకుని నా పక్కన నిలబడింది.

"అబద్ధం చెప్పావు తాతయ్యా."

"చెప్పాను."

"పాపం, నిద్రపోతున్నట్టు లేడు."

"మీ నాన్నమ్మ కూడా ఆ ఎండలో నిద్రపోలేదు."

"కోర్టులో ఒప్పుకుంటేనో?"

"ఒప్పుకున్న రోజు ఆలోచిస్తాను."

"నేను చెప్పేస్తాను. ఎప్పుడో ఒకప్పుడు ఫోన్ చేసి చెప్పేస్తా, ఆవిడ అప్పుడే వెళ్ళిపోయిందండీ అని."

"చెప్పు. నేను పోయాక చెప్పు."

"నువ్వు పోయినా ఎదురుగా నిలబడి గుడ్లురుముతావు. నాకు కనిపిస్తావుగా."

"అయితే ఇంకేం," అని ఆ గ్లాసు దాని చేతిలోంచి తీసుకుని, నీళ్ళు నేనే తాగాను. కారు సందు మలుపు తిరిగేదాకా అక్కడే ఉన్నాను.