ఇల్లందులో మోగిన ఓడపెట్టె

మొన్న పొద్దున ఖమ్మంలో మా వీధిలో ఎవరిదో కారు ఊరికే కుయ్ కుయ్‌మని మొత్తుకుంటుంటే, పక్కింటివాళ్లు విసుక్కుని కిటికీలు వేసుకున్నారు గానీ, నాకు ఒకప్పుడు మా ఇంట్లో మోగిన ఓడపెట్టె గుర్తొచ్చింది.

అప్పట్లో మేం ఇల్లందులో ఉండేవాళ్లం. నేను బడిలో పంతులమ్మగా కొత్తగా చేరాను. నాన్నది బొగ్గుగనిలో మందు పేల్చే పని. ఓడ ఉద్యోగంలో ఉన్న తమ్ముడు ఒకసారి సెలవుకు వస్తూ, చెడిపోయిందని ఓడలో పక్కన పడేసిన పసుపుపచ్చ పెట్టె ఒకటి, నెత్తిన బల్బూ యాంటెనాతో సహా, ముచ్చటపడి తెచ్చి షోకేసులో పెట్టాడు. ఓడ మునిగితే ఇది సాయం కోసం కబురు పంపుతుందని, స్విచ్ ముట్టుకోవద్దని చెప్పాడు గానీ, నీళ్లు తగిలితే దానంతటదే మొదలవుతుందని చెప్పడం మరిచాడు.

ఇల్లందులో కాపురం చేసినవాళ్లకు బొగ్గుదుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. శనివారం వచ్చిందంటే మా అమ్మ, ఆదివారం ప్రార్థనకు ఇల్లు తళతళలాడాలని, కనపడిన ప్రతి వస్తువునూ తొట్టిలో వేసి సబ్బుతో తోమేది. ఒక శనివారం ఆ పెట్టె వంతు వచ్చింది.

తొట్టిలో వేయడమే ఆలస్యం, అది మెరుస్తూ కీచుమని అరవసాగింది. అమ్మ కేక పెట్టింది. గనిలో అంత మందు పేల్చిన నాన్న కూడా బాంబేమోనని భయపడి, "బయటికి నడువుండ్రి, ఎవ్వలు దగ్గరికి రావద్దు" అని అరిచాడు. నేను మాత్రం ముందుగదిలోని ఫోను దగ్గరే ఆగి, తమ్ముడి ఓడ కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేశాను.

అది బాంబు కాదని ఆఫీసాయన చెప్పగానే ఊపిరి పీల్చుకున్నాం గానీ ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు. ఆ పెట్టె మోగినంతసేపూ ఓడ ఆపదలో ఉందని ఆకాశం మీదుగా తప్పుడు కబురు పోతూనే ఉంటుందట, రక్షించేవాళ్లు దాని వెంట పడతారట. బంగాళాఖాతంలో వాయుగుండమని ఆ పొద్దునే రేడియో చెప్పింది, తమ్ముడేమో నడిసముద్రంలో ఉన్నాడు. అమ్మ నా చేయి గట్టిగా పట్టుకుని, "గిది గిట్ల మొత్తుకుంటుంటే, నిజంగ నా కొడుకు పిలిస్తే ఎవలు ఇంటరు బిడ్డా?" అంది. నేను ఫోను మళ్లీ చెవికి ఆనించుకున్నాను.

నేను విన్నది విన్నట్టు చెబుతుంటే, నాన్న పెట్టెను నీళ్లలోంచి తీసి పొడిగుడ్డతో తుడిచి స్విచ్ వెనక్కి తిప్పాడు. ఆ స్విచ్ పాడైనట్టుంది, అరుపు ఆగలేదు. ఇక మరలు విప్పి బ్యాటరీ తీగ ఊడదీయాలని, సుత్తితో కొట్టినా నిప్పు తగిలినా బ్యాటరీ పేలవచ్చని ఆఫీసాయన అన్నాడు. నాన్న గనిలో మందు ముట్టుకున్నంత నెమ్మదిగా ఒక్కో మరా విప్పాడు. చివరికి తీగ ఊడింది, వెలుగు ఆరింది. అది పొరపాటని రక్షణవాళ్లకు తాను చెబుతానని ఆఫీసాయన ఫోన్ పెట్టేశాడు. తమ్ముడి ఓడ క్షేమమని సాయంత్రం మళ్లీ ఫోన్ వచ్చేదాకా అమ్మ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

ఆ రాత్రి ప్రార్థనలో అమ్మ తమ్ముడి పేరు చెప్పి, "సముద్రంల ఉన్న పిల్లలందర్ని సల్లగ సూడు తండ్రీ" అంది. బతికినంతకాలం ఒక్క పూట కూడా ఆ మాట మరవలేదు.

ఇప్పుడు అమ్మా నాన్నా లేరు. తమ్ముడు ఎప్పుడో ఓడ దిగి విశాఖలో ఇల్లు కట్టుకున్నాడు. మా ఇంటి ప్రార్థనలో మనవల పరీక్షలు, నా మోకాళ్ల నొప్పులు, కోడలి ప్రమోషను అన్నీ వస్తాయి. సముద్రంలో ఉన్నవాళ్ల మాట మాత్రం రాదు. అక్కడ మనవాళ్లెవరూ లేరు కదా.