కందెన పెట్టిన సైకిల్

ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి నూరితే కందెన. బాపట్లలో మా నాన్న ఎద్దుబండి ఇరుసుకు అదే పెట్టేవాడు. వడ్ల బస్తాలు నిండా వేసినా బండి కిర్రుమనేది కాదు. మరి సైకిలెంత అనుకున్నాను.

అప్పటికి మా కాపురం తెనాలిలో. మా ఆయన సైకిల్ ముందు చక్రం ఊడదీసి, లోపలి ఉక్కు గోళీలు, అదే బాల్సు, కిరసనాయిల్లో కడిగి, "గ్రీజు తెచ్చి పెట్టు, స్నానం చేసొస్తా" అన్నారు. రేపల్లె రోడ్డులో ఆడపడుచు ఇంటికి మా నాలుగేళ్ల పిల్లను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని వెళ్లాలి. చూస్తే సైకిల్ షాపు తెరవలేదు. బావి గిలకకని నాన్న ఇచ్చిన కందెన డబ్బా ఇంట్లో ఉంది. అదే దట్టంగా పట్టించాను.

చక్రం బిగిస్తూ ఆయన అడిగారు. "నల్లగా ఉందేంటే?"

"ఇదే మంచిదన్నారండి షాపులో."

తిడతారని ఆడిన అబద్ధం అది.

వాళ్లు వెళ్లిన కాసేపటికి, ఎరువు తెచ్చిన పానా ఇచ్చేద్దామని సైకిల్ షాపుకు వెళ్లాను. అప్పటికి షాపతను తెరిచాడు. గొప్పగా చెప్పాను, కందెన పెట్టానని.

అతని చెయ్యి ఆగిపోయింది. "అయ్యో చెల్లెమ్మా, అందులో మసి ఉంటుందిగా! బండికి ఇరుసు, దీనికి బాల్సు. మట్టిలా గట్టిపడి పట్టేస్తుంది. ముందు చక్రమా?"

"అవునండి."

"పట్టేస్తే మనిషి తలకిందులుగా పడతాడు."

ఆ రోడ్డు పొడవునా కాలవ. నిండా నీళ్లు వదిలిన రోజులు. చెప్పులు ఎక్కడ వదిలానో తెలియదు, పరుగెత్తాను. నీళ్లలో ఏ గుడ్డముక్క కనిపించినా మా పిల్ల గౌనే అనిపించింది.

రెండు మైళ్ల అవతల సైకిల్ తలకిందులుగా ఉంది. ఆయన మోచెయ్యంతా నెత్తురు. పిల్ల గట్టు మీద కూర్చుని రేగుపళ్లు తింటోంది.

"చక్రం పట్టేసింది. గట్టువైపు పడ్డాం కాబట్టి సరిపోయింది. ఆ గ్రీజు ఇచ్చినవాణ్ణి ఊరికే వదలను" అన్నారు.

"ఇచ్చింది నేనేనండి. నాన్న కందెన" అన్నాను.

ఆయన కాలవ వైపు చూశారు. ముందు చక్రం పైకెత్తి పట్టుకుని నడిచారు. దించమని పిల్ల గింజుకున్నా, తెనాలి దాకా చంకలోంచి దించలేదు నేను.