వెండి రంగు కింద నీలం

రిటైరవడానికి నాలుగేళ్ళ ముందు, జూన్ ఒకటో తేదీన నన్ను విజయవాడ పటమటలోని సామగ్రి గిడ్డంగికి స్టోర్‌కీపరుగా వేశారు. శాఖ పేరు రాయను. పింఛను వస్తున్నది అక్కడి నుంచే. గాలివానకు రోడ్ల మీద, కాలువ గట్ల మీద కూలిన చెట్లను నరికి దారి ఇవ్వడం మా విభాగం పని. స్టోర్‌కీపరు చెట్టు దగ్గరకు వెళ్ళడు. రంపాలు, తాళ్ళు, గొడ్డళ్ళు సరిగా ఉన్నాయో లేదో చూసి, రిజిస్టరులో 'వినియోగానికి సిద్ధం' అని రాసి సంతకం చేస్తాడు. గ్యాంగు మనుషులు ఆ సంతకాన్ని నమ్మి పనిముట్టు పట్టుకుంటారు.

ఆ ఏడాది రెండంచుల గొడ్డళ్ళు ఇరవై కొనమని పైనుంచి ఉత్తరువు వచ్చింది. మామూలు గొడ్డలికి ఒకవైపు పదును, రెండోవైపు మొద్దు భాగం ఉంటాయి. దీనికి రెండువైపులా పదునే. మా గ్యాంగులో ఎవరూ అంతకుముందు వాడింది కాదు. ముగ్గురు వ్యాపారులు నమూనాలు పంపారు. మా విభాగానికి అధికారి అయిన డిప్యూటీ ఇంజనీరు గారు వాటిలో బాగా మెరిసేదాన్ని చూపించి, "ఇదే బావుంది, రాసేయండి" అన్నారు. నేను రెండు రోజులు గడువు అడిగాను.

నేను పదో తరగతితో బడి మానినవాణ్ణి. మిగతా చదువంతా శాఖా గ్రంథాలయంలో, నిఘంటువు పక్కన పెట్టుకుని సంపాదించుకున్నదే. అలా చెప్పుకోవడం నాకు గర్వం. అట్ట ఊడిపోయిన పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటి అక్కడ ఉండేది, అడవి పనుల గురించి. నాకంటే ముందు దాన్ని ఎవరైనా ఇంటికి తీసుకెళ్ళినట్టు తేదీ ముద్ర ఒక్కటీ లేదు. అందులో ఒక అధ్యాయం పూర్తిగా ఈ గొడ్డలి మీదే.

రెండువైపులా తిప్పి వాడేది కనుక దీని కామ, అంటే పట్టుకునే కర్ర, వంపు లేకుండా నిటారుగా ఉండాలి. కర్ర చారలు అంచుతో సమాంతరంగా సాగాలి, అడ్డంగా ఉంటే దెబ్బకు విరుగుతుంది. కామ చివర కన్ను పెట్టి చూస్తే రెండు అంచులూ ఒకే గీతలో కనిపించాలి. ఇవన్నీ నేను చూశాను. ఉక్కును చూడడానికి మాత్రం ఏసురత్నాన్ని పిలిచాను. గుణదలలో అతనికి కొలిమి ఉంది. మా పనిముట్లకు సాన పట్టడానికి శాఖ ఆమోదించిన జాబితాలో ఉన్న కమ్మరి అతనొక్కడే.

అతను మెరిసే గొడ్డలి అంచు మీద ఆకురాయి పెట్టి లాగాడు. జర్రున జారిపోయింది. "ఇది గాజండీ. కర్రలో ముడి తగిలిందంటే పెచ్చులు లేచిపోద్ది" అన్నాడు. రెండోదాని మీద ఆకురాయి సబ్బులో దిగినట్టు దిగింది, అంత మెత్తన. మూడోది నల్లగా, చూడడానికి ఏమీ బాగాలేదు. ఆకురాయి దాన్ని కష్టం మీద కొరికింది. "ఇదండీ ఉక్కంటే" అన్నాడు. దాన్నే కొన్నాం.

సాన పట్టడానికి వారం పట్టింది. ఒక అంచు పలచగా, ముడి లేని కర్రను కోయడానికి. రెండోది కొంచెం మందంగా, ముళ్ళకీ వేర్లకీ. మందపు వైపు గుర్తుగా ఎర్రచుక్క పెట్టాం. గొడ్డలిని కదలకుండా బిగించి, ఆకురాయితో అరగదీసి, తరువాత తడి సానరాయితో గుండ్రంగా తిప్పుతూ నునుపు చేయాలి. కరెంటు గ్రైండరు పెట్టకూడదు. ఆ వేడికి అంచు నీలం తిరుగుతుంది. నీలం తిరిగిందంటే ఉక్కు మెత్తబడిపోయినట్టే. ఈ సంగతి నేను పుస్తకం తెరిచి వినిపిస్తే ఏసురత్నం నవ్వాడు. "ఈ ముక్కకి ఇంత లావు పుస్తకమెందుకండీ? మా నాన్న ఒక్క తన్ను తన్ని చెప్పాడు."

నియమం ప్రకారం ఒక గొడ్డలిని నమూనాగా మూటకట్టి, సీలు వేసి బీరువాలో పెట్టాను. పంతొమ్మిది స్టోరులో ఉన్నాయి.

దసరా వచ్చింది. మహర్నవమికి పనిముట్లన్నీ వరసగా పెట్టి ఆయుధపూజ చేయడం మా ఆఫీసు ఆనవాయితీ. పూజతో నాకు పేచీ లేదు, నేనూ చేస్తాను. ఆసారి పై అధికారులు వస్తున్నారు, ఫోటో ఉంది. డిప్యూటీ ఇంజనీరు గారు నల్లటి గొడ్డళ్ళను చూసి, "ఇవేంటండీ, బొగ్గుల కొట్లోంచి తెచ్చినట్టున్నాయి? గ్రైండరు పెట్టించండి, రెండువైపులా ఒకేలా మెరవాలి" అన్నారు. వద్దని చెప్పాను, ఎందుకు వద్దో కూడా చెప్పాను. "లైబ్రరీ ఇంటి దగ్గర పెట్టుకోండి. ఇక్కడ స్టోరు నడపండి చాలు" అన్నారు. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

వర్క్‌షాపువాళ్ళు గ్రైండరు పెట్టారు. అంచులు నీలం తిరిగాయి. ఫోటోలో మరకలా కనిపిస్తుందని వాటి మీద వెండి రంగు పూశారు. ఎర్రచుక్కలు పోయాయి. పైన పసుపూ కుంకుమా పెట్టారు. ఏసురత్నం వచ్చి చూసి, "వీటిని చెట్లు నరకడానికి పంపుతున్నారా, పెళ్ళిచూపులకా? నాకివ్వండి, మెత్తబడిన మేర తీసేసి మళ్ళీ సాన పడతాను" అన్నాడు. పండగ అయ్యాక చూద్దామన్నారు డిప్యూటీ ఇంజనీరు గారు. పండగ అయ్యాక గొడ్డళ్ళు కొలిమికి పోలేదు, రిజిస్టరు నా ముందుకు వచ్చింది. నేను సంతకం చేశాను. మళ్ళీ మాట పడడం ఇష్టం లేక చేశాను.

నవంబరులో తుపాను. కంకిపాడు దాటాక కాలువ గట్టు మీద తుమ్మచెట్టు పడింది. గ్యాంగులో అందరికంటే పెద్దవాడు సాంబయ్య కొమ్మ ముడి మీద దెబ్బ వేశాడు. అంచు రేకులా మడతపడి, గొడ్డలి పక్కకు జారి ఎడమ పాదం మీద పడింది. రెండు వేళ్ళు పోయాయి.

డిప్యూటీ ఇంజనీరు గారి నివేదిక మర్నాడే తయారు. ప్రమాదానికి కారణం సాన లోపమట. కమ్మరిని ఆమోదిత జాబితా నుంచి తొలగించాలట. గ్రైండరు గురించి ఒక్క ముక్క లేదు.

ఏసురత్నం స్టోరుకు వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "నలభై ఏళ్ళ చెయ్యండీ ఇది. సాంబయ్యని చూద్దామని వాళ్ళింటికెళ్తే వాళ్ళావిడ తలుపు తియ్యలేదు. నా మొగుడి కాలు తీశావు, ఇంకేం చూస్తావంది." జాబితా సంగతి అతను అడగనే లేదు.

విచారణకు పైనుంచి వచ్చిన మరో ఇంజనీరు గారి ముందు ఇంకా ఎవరూ వాడని గొడ్డలి ఒకటి పెట్టాను. థిన్నరులో తడిపిన గుడ్డతో అంచు తుడిచాను. వెండి పోయి నెమలి మెడ రంగు బయటపడింది. ఆకురాయి పెడితే సబ్బులోలా దిగింది. బీరువాలోని నమూనా సీలు ఆయన చేతే విప్పించాను. అది ఏసురత్నం సాన పట్టిన గొడ్డలే. ఆకురాయి దాన్ని కష్టం మీద కొరికింది. డిప్యూటీ ఇంజనీరు గారు కిటికీలోంచి బయటకు చూస్తున్నారు.

"మరి ఈ సంతకం ఎవరిదండీ?" అని విచారణాధికారి రిజిస్టరు తిప్పి చూపించారు. నాదేనన్నాను.

ఏసురత్నం పేరు జాబితాలో నిలిచింది. విచారణ కాగితం నకలు తీసుకుని, అతన్ని వెంటబెట్టుకుని సాంబయ్య ఇంటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి అతని భార్యకు చదివి వినిపించాను. సంతకం నాదన్న వాక్యం కూడా చదివాను. ఆమె ఏసురత్నాన్ని లోపలికి రమ్మంది. నన్ను రమ్మనలేదు. నా సర్వీసు పుస్తకంలో మందలింపు నమోదైంది. అది న్యాయమే. డిప్యూటీ ఇంజనీరు గారికి మాత్రం 'ఇకముందు జాగ్రత్త వహించగలరు' అన్న చిన్న కాగితం కూడా రాలేదు. ఆ పూజ ఫోటో నేను రిటైరయ్యే దాకా ఆయన గదిలోనే మెరుస్తూ ఉంది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మిగిలిన మూడున్నరేళ్ళూ నా స్టోరులో పసుపు, కుంకుమ కామకే పెట్టించాను. అంచుకు రంగు తగలనివ్వలేదు. ఆకురాయి పెట్టి చూడకుండా సంతకం చేయలేదు. గ్రైండరు పట్టినవాడికి నీలం అంటే ఏమిటో తెలియదు. నాకు తెలుసు, చదివాను. చదివినవాడు తెలియదని చెప్పి తప్పించుకోలేడు.